మామా, నువ్వు కాల్చేవాడివా?

మా మేనల్లుడు అగ్నివీర్ ర్యాలీకి తయారవుతున్నాడు. తెల్లవారుజామున ఎన్జీ కాలేజీ మైదానంలో ఫోను పట్టుకుని వాడి పరుగు లెక్కపెట్టడం నా పని. 1.6 కిలోమీటర్లు. చివరి చుట్టులో భుజాలు బిగించేస్తాడు, అక్కడే పది సెకన్లు పోతాయి. నేను మద్రాసు రెజిమెంటులో పదిహేడేళ్లు చేసి వచ్చాను. ఇప్పుడు ఒక బ్యాంకు గుమ్మం దగ్గర డబుల్ బ్యారెల్ తుపాకీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటున్నాను. అందుకని వాడికి నా మీద సగం గౌరవం, సగం జాలి.

మొన్న పరుగయ్యాక గడియారం సెంటరులో టీ తాగుతూ అడిగాడు. "మామా, చేతిలో ఏమీ లేని జనం మీద కాల్చమంటే నువ్వు కాల్చేవాడివా?" చంద్రసింగ్ గఢ్వాలీ గురించి ఫోనులో ఏదో వీడియో చూశాడట.

"టీ చల్లారుతోంది, తాగు" అన్నాను.

ఆ పేరు నేను విన్నది మంచుకొండల మీద. మా పక్క పోస్టులో గఢ్వాల్ రైఫిల్స్ వాళ్లుండేవారు. ఒక రాత్రి బుఖారీ (చలి కాచుకునే పొయ్యి) చుట్టూ కూర్చున్నప్పుడు వాళ్ల హవల్దారు చెప్పాడు. 1930 ఏప్రిల్ 23, పెషావర్, కిస్సా ఖ్వానీ బజారు. ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్‌ను అరెస్టు చేశారని జనం వీధుల్లోకి వచ్చారు. సాయుధ శకటాలు జనం మీదికి వెళ్లాయి, కాల్పులు జరిగాయి, ఎందరో చనిపోయారు. కానీ చంద్రసింగ్ మాట మీద గఢ్వాలీ సిపాయిలు మాత్రం ఆ జనం మీద తుపాకీ పేల్చబోమన్నారు. అక్కడున్న జనం ఎక్కువగా పఠాన్ ముస్లింలు, సిపాయిలు హిందువులు. ఆ లెక్క చూసుకునే తెల్లదొరలు తమవాళ్లను ముందు నిలబెట్టారని ఆ హవల్దారు నమ్మకం. చెబుతున్నంతసేపూ అతని కుడి చూపుడువేలు నిటారుగా ఉంది, ట్రిగ్గరుకు తగలకుండా తుపాకీ పక్కన చాచి ఉంచినట్టు.

చంద్రసింగ్ రక్తం చూసి వణికే మనిషి కాదు. 1915లో ఫ్రాన్సులో, 1917లో మెసపొటేమియాలో (ఇప్పటి ఇరాక్) యుద్ధం చేసి వచ్చినవాడు. ఎదుటివాడి చేతిలో తుపాకీ ఉంటే కాల్చాడు, లేనప్పుడు కాల్చనన్నాడు. కోర్టు మార్షల్ అతనికి యావజ్జీవం వేసింది. పదకొండేళ్ల తరువాత, 1941లో బయటికి వచ్చాడు.

నాకు మింగుడుపడనిది ఇంకొకటి ఉంది. ఆ సిపాయిలను గాంధీ మెచ్చుకోలేదు. కాల్చమన్న ఆజ్ఞను కాదన్న సైనికుడు తాను చేసిన ప్రమాణాన్ని తప్పినట్టేనని, ఈ రోజు నేను వాళ్లకు అవిధేయత నేర్పితే రేపు మా చేతికి అధికారం వచ్చాక మా మాటా వినరేమోనని ఒక ఫ్రెంచి విలేకరితో అన్నాడు. మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు మండింది. అహింస చెప్పిన మనిషి అనవలసిన మాటా ఇది? కానీ కసమ్ పరేడ్‌లో, అంటే ప్రమాణం చేసే పరేడ్‌లో, నిలబడ్డ నాలోని సిపాయి ఆ మాటకు తలూపాడని కూడా ఒప్పుకోవాలి. నేల మీద, నీటి మీద, గాలిలో ఎక్కడికి పంపినా వెళతాను, ప్రాణం పోయినా ఆజ్ఞ పాటిస్తాను అని నేనూ గీత మీద చేయి వేసి చెప్పాను. 1950 నాటి ఆర్మీ చట్టం 41వ సెక్షనులో 'చట్టబద్ధమైన ఆజ్ఞ' అని ఉంది. ధిక్కరిస్తే పద్నాలుగేళ్ల వరకు జైలు. ఆ 'చట్టబద్ధమైన' అన్న మాటను లాయర్లు తీరిగ్గా విప్పుతారు. వరుసలో నిలబడ్డవాడికి ఒక్క ఊపిరి పట్టేంత సమయం కూడా ఉండదు.

ఇంగ్లండులో 1916లో బలవంతంగా సైన్యంలో చేర్చుకునే చట్టం తెచ్చినప్పుడు, మనస్సాక్షి ఒప్పుకోదనేవాళ్లు ట్రిబ్యునల్ ముందు చెప్పుకోవచ్చని అందులోనే రాశారు. సుమారు పదహారు వేల మంది అలా నిలబడ్డారు. దక్షిణ కొరియాలో 2020 నుంచి అలాంటివాళ్లు సైన్యానికి బదులు మూడేళ్లు జైళ్లలో పని చేస్తే చాలు. అక్కడ రమ్మని లాక్కుపోయేది ప్రభుత్వం. నన్నెవరూ లాక్కుపోలేదు. బోరు ఎండిపోయి, అప్పు పెరిగి, నేనే పరుగెత్తుకుంటూ వెళ్లి చేరాను. జీతం తీసుకున్నవాడికి కాదనే నోరు ఎక్కడిది? చంద్రసింగూ జీతగాడే. నేను ఆగిపోయేది అక్కడే.

వెల్లింగ్టన్‌లో శిక్షణప్పుడు మా రణఘోష "వీర మద్రాసీ, అడి కొల్లు, అడి కొల్లు!" కొల్లు అంటే కొల్లగొట్టమని కాబోలు అనుకుని నెల రోజులు అరిచాను. చంపమని అర్థమని పక్క మంచం తమిళ కుర్రాడు చెప్పాక ఇంకాస్త గట్టిగా అరిచాను. ఫైరింగ్ రేంజిలో ఫిగర్ ఇలెవన్ అని ఒక బొమ్మ ఉంటుంది, తుపాకీతో మన మీదికి వస్తున్న మనిషి. గుండ్లు దిగాక గుంతలో ఉండి బొమ్మలు చూసుకునే బట్ పార్టీ ఆ చిల్లుల మీద కాగితం ముక్కలు అంటించాలి. మైదా పిండి ఉడకబెట్టి చేసిన జిగురు డబ్బా నా చేతిలో ఉండేది. సాయంత్రానికి ఆ బొమ్మకు ముఖం ఉండేది కాదు, కాగితం ముక్కలే.

ఇక మేనల్లుడి ప్రశ్న. ఉత్తరాదిన ఒక ఊళ్లో కర్ఫ్యూ. పోలీసుల చేతులు దాటిపోయిందని మమ్మల్ని పిలిచారు. సందు మొదట్లో పదిమందిమి మోకాలి మీద కూర్చున్నాం. ఎదురుగా నూరు గజాల్లో జనం. మా పక్కన మెజిస్ట్రేటు, కాగితం, కలం. కాల్చమని ఆయన రాసివ్వలేదు. పావుగంటకు జనం చెదిరిపోయారు. ఒక ముసలామె స్టీలు పాల క్యాను ఎత్తుకుని మా ముందు నుంచే నడిచి వెళ్లింది, మేమేదో కరెంటు స్తంభాలమైనట్టు.

గడియారం సెంటరులో చివరికి వాడికి "ఏమో, తెలియదురా" అని చెప్పాను. అది అబద్ధం. ఆ రోజు క్యాంపుకు వచ్చాక "ఖాలీ కర్", తుపాకీ ఖాళీ చేయమని ఆజ్ఞ పడింది. తుపాకీ పేలకుండా ఆపే సేఫ్టీ మీట తిప్పబోతే, అది ముందే తీసి ఉంది. ఎవరూ తీయమనలేదు. నా బొటనవేలు దాన్ని ఎప్పుడు తీసిందో నాకు గుర్తు లేదు.