కుట్టు లేని పుస్తకం

నాలుగొందల యాభై పెట్టి కొన్న పుస్తకం. మధ్యాహ్నం కాస్త వెడల్పుగా తెరిచానో లేదో, వెన్ను దగ్గర టప్‌మంది. గుప్పెడు కాగితాలు చేతిలోకి ఊడొచ్చాయి. కుట్టు లేదు. ఫారాలంటే అచ్చేసి మడిచిన పెద్ద కాగితాలు, వాటి మడతలు కోసేసి, వేడి జిగురు పూసి, అట్ట అంటించేశారు. పైగా కాగితంలోని నార వెన్నుకి అడ్డంగా పడింది. పుస్తకం పరుచుకోదు, బొటనవేలితో తొక్కి పట్టాలి, తొక్కితే జిగురు విరుగుతుంది. ఈ ముసురుకి లామినేషన్ అట్ట కూడా బయటికి చుట్టుకుపోయింది. పై పొర ప్లాస్టిక్, తేమ పీల్చదు. కింది కాగితం పీల్చి సాగుతుంది.

మా ఆయన చూసి, "జిరాక్స్ షాపులో స్పైరల్ వేయించుకోరాదూ" అన్నారు. నేనేం మాట్లాడలేదు.

తాతయ్య గుర్తొచ్చారు. వారపత్రికలో సీరియల్ అయిపోయేదాకా ఆగి, పిన్నులు ఊడదీసి, ఆ పేజీలే ఏరి బెజవాడ గవర్నరుపేటలో బైండరు దగ్గరికి మోసుకెళ్లేవారు. వెనకాల నేను. ఆ బైండరు మైదా ఉడకబెట్టి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపేవాడు. ఆ నీలం చూసి వేలు పెట్టబోతే "విషం పాపా!" అని చేతి మీద ఒక్కటిచ్చాడు. దబ్బనంతో పొడిచి, మైనం రాసిన దారం లాగి, పళ్లతో తెంపేవాడు. వెన్నుకీ మూలలకీ ఎర్ర కాలికో గుడ్డ. అంచులు కోసేటప్పుడు ఒక్కోసారి వరస చివరి అక్షరాలూ పోయేవి. "అర్థమవుతుందిలే" అనేవారు తాతయ్య.

ఆ పనితనం ఇప్పుడేదీ అని తిట్టిపోద్దామనే కూర్చున్నా. లేచి తాతయ్య కుట్టించినవాటిలో ఒకటి తీసి చూస్తే, దారం చెక్కుచెదరలేదు గానీ కాగితం అప్పడంలా విరుగుతోంది. న్యూస్‌ప్రింట్ మరి, కలపలోని లిగ్నిన్ అనే పదార్థం అందులో ఉండిపోతుంది, గాలీ వెలుతురూ తగిలి పసుపెక్కి పెళుసవుతుంది. ఊడిపోయిన నా పుస్తకంలోని తెల్లటి మ్యాప్‌లిథో కాగితం మాత్రం నిక్షేపంలా ఉంది.

అసలు గట్టి అట్టవి చదివిందెప్పుడు? పడుకుని చదివితే ముక్కు మీద పడతాయి. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల షాపుల్లో ఏరుకొచ్చిన పల్చటి నవలలే మంచం మీదా, బస్సులోనూ తిరిగాయి. మావాడైతే ఫోన్లో పీడీఎఫ్ చదువుతాడు, స్కాన్ చేసినవాడి బొటనవేలితో సహా.

షాపువాడు మార్చి ఇచ్చినా అదీ ఆ లాటులోదే. స్పైరల్ మాత్రం చచ్చినా వేయించను, అలమరలో పెడితే వెన్ను మీద పేరుండదు. ఫెవికాల్ పూసి, పైన పొత్రం పెట్టా. పొద్దున్నే పచ్చడికి అత్తయ్య అడుగుతారు, ఏదో ఒకటి చెప్పాలి.