పద్యనాటకం పనుల చిట్టా: పడక సీను, నాలుగు వారాలు

ఈ సీజన్‌లో మూడు ప్రదర్శనలు: తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లోంచి పడక సీను (నిద్రపోతున్న కృష్ణుడి దగ్గరికి అర్జున దుర్యోధనులు సాయం అడగడానికి వచ్చే ఘట్టం), రాయబారం కలిపి ఒకటి; ఒక సాంఘిక నాటిక; ఒక పిల్లల పాటల నాటకం. నాటికకు బల్ల, రెండు కుర్చీలు, తలుపు చట్రం చాలు. పోర్షన్లు, అంటే ఎవరి మాటలు వాళ్లకు, కూడా వచ్చేశాయి. పనంతా పడక సీను దగ్గరే ఉంది.

మొదటి వారం, శృతి. కృష్ణుడిది 5 శృతి (హార్మోనియం ఐదో తెల్ల మెట్టు ‘స’గా పాడటం), అర్జున దుర్యోధనులది 4. హార్మోనియం మీద మెట్లు మార్చుకోవడం చిటికెలో పని. తబలాతో అలా కుదరదు. కుడిని (కుడిచేతి తబలాను) 1 శృతికి కడితే 4 వాళ్లకు అది పంచమం (ప), హాయిగా కలుస్తుంది. అదే మోత 5లో పాడే కృష్ణుడికి మధ్యమం (మ) అవుతుంది. మోహన రాగం ఎత్తుకోగానే దెబ్బ దెబ్బకూ చెవిలో గుచ్చుకుంటుంది, ఆ రాగంలో మధ్యమమే లేదు మరి. అందుకని 2 శృతికి కట్టిన రెండో కుడి పక్కన ఉంచుకుని, వచనం నడిచేటప్పుడు మార్చుకుంటున్నాం. డగ్గా (ఎడమచేతి వాద్యం) ఒకటే. చెమ్మ రోజుల్లో చర్మం సాగి శృతి దిగుతుంది కాబట్టి తెర లేచే ముందు సుత్తి పట్టాల్సిందే.

రెండో వారం, టైము. మాకిచ్చింది 35 నిమిషాలు. పద్యాలు 12, వచనం 11 నిమిషాలు. అందరూ అన్నిటికీ రాగం లాగితే పద్యానికి రెండుంబావు నిమిషాల చొప్పున 27, మొత్తం 38. పద్యాలు కొట్టేయడం తేలికే గానీ కథ కుంటుతుంది. రాగమే తగ్గించాం: మనిషికొక పద్యానికి రెండున్నర నిమిషాలు, మిగతా తొమ్మిదింటికి ఒకటిన్నర. మొత్తం 32. మిగిలిన మూడు నిమిషాలు వన్స్‌మోర్‌కు, అదీ ఒక్కదానికే. రెండోసారి ఎవరు అరిచినా హార్మోనియం తర్వాతి పద్యానికి శృతి ఇచ్చేస్తుంది.

మూడో వారం, మంచం. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు. బల్లపరుపుగా అడ్డంగా వేస్తే ముందు వరుసకు కృష్ణుడి ముక్కు తప్ప ఏమీ కనిపించదు. తలవైపు కోళ్ల కింద నాలుగంగుళాల చెక్క దిమ్మలు పెట్టాం. దిమ్మ పైన కోడు దిగేలా గుంట చెక్కాలి, లేకపోతే కృష్ణుడు లేచి కూర్చునేటప్పుడు జారుతుంది. తల ఎత్తులో ఉండటంతో కళ్లు తెరవగానే చూపు కాళ్ల దగ్గరున్న అర్జునుడి మీద తనంతట తానే పడుతుంది, మెడ తిప్పి వెతకక్కర్లేదు. కాళ్లవైపు మంచాన్ని అడుగున్నర ముందుకు లాగాం. అర్జునుడు మంచానికి ఎదురుగా నిలబడితే కృష్ణుణ్ణి కప్పేస్తాడు, కాబట్టి ఒక అడుగు పక్కకి సుద్దతో గుర్తు.

కిరీటం దిండుకు తగిలి నుదుటి మీదికి వస్తోంది. దిండు మధ్యలో దూది తీసి గుంట చేశాం, నాడాను విగ్గు కింద నుంచి కట్టాం. కాలర్ మైకు ఛాతీ మీద పెడితే హారాలు రాసుకుని గరగరమంటుంది. కిరీటం ముందంచు లోపల దాచాక ఆ గోల పోయింది. వైరు మాత్రం వీపు మీదుగా వదులుగా రావాలి, బిగిస్తే పడుకున్నప్పుడు లాగేస్తుంది.

నాలుగో వారం, రంగూ లైట్లూ. కృష్ణుడి నీలం మీద ఎర్ర లైటు పడితే ముఖం నల్లగా మాడినట్టుంటుంది. ముందు నుంచి వెచ్చని తెలుపు, వెనక తెర మీద మాత్రమే నీలం. రంగు ఆరకుండా పంచె కడితే మరకే, పౌడరు అద్ది పది నిమిషాలు ఆగాలి. మేకప్‌కు ముందు కూర్చోవలసింది కృష్ణుడే: చేతులు, మెడ కూడా ఉన్నాయి. దుర్యోధనుడి మీసానికి స్పిరిట్ గమ్ రాశాక వేలికి తీగ సాగేదాకా ఆగి అంటించాలి. తడిగా ఉండగానే అంటిస్తే మొదటి పద్యం చెమటకే ఒక కొస లేస్తుంది.

కిలోవాట్ హాలోజన్లు ఆరు, అంటే దాదాపు 26 ఆంపియర్లు. హాల్లో గోడ సాకెట్టు 16. రెండేసి చొప్పున మూడు ఫేజులకూ పంచి వైరింగ్ చేయించాలి, యాంప్లిఫయర్‌కు వేరే లైను. ఇది ఇంకా కాలేదు. రాయబారానికి సభ తెర కూడా కుట్టాలి.