తిరుపతిలో పంక్ లేబుల్: ఖర్చుల లెక్క కవరు మీదే వేశాం

తిరుపతిలో రికార్డింగ్‌కు కొదవ లేదు. భక్తి పాటల ఆల్బమ్ చేయాలంటే తబలా వాయించేవాళ్ళ దగ్గర్నుంచి కవరు డిజైన్ చేసేవాళ్ళ దాకా అందరూ ఊళ్ళోనే దొరుకుతారు. పంక్ రాక్, అంటే గట్టిగా వేగంగా కొట్టే పచ్చి రాక్ పాటలకు లేబుల్ పెడుతున్నామని స్టూడియో అన్నకు చెబితే ఆయన మొదట అడిగిన ప్రశ్న: "స్వామి మీదనా, అమ్మవారి మీదనా?"

బ్యాండ్‌లో నలుగురూ ఇక్కడి కుర్రాళ్ళే. పాడేవాడు బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో రాత్రిపూట రిసెప్షన్ చూస్తాడు. డ్రమ్మర్ పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో వాయిస్తాడు. పాటలు ఆరు. ఒకటి ట్యాంకర్ నీళ్ళ మీద, ఒకటి టైమ్ అయిపోయిందని తలుపు బాదే రూమ్ బాయ్ మీద, మిగతావి ఎక్కువగా ఇంటి అద్దెల మీద. ఏదీ రెండున్నర నిమిషాలు దాటదు. నేను వాయించను, పాడను. డబ్బు పెట్టి, కాగితాలు చూసుకుని, అమ్మిపెట్టేవాణ్ణి. లేబుల్ అంటే అంతే.

ఈ పని ఎలా చేయాలో నాకు నేర్పింది పాత పంక్ వాళ్ళే. 1977 జనవరిలో మాంచెస్టర్ వైపు కుర్రాళ్ళు, బజ్‌కాక్స్ బ్యాండ్, దాదాపు 500 పౌండ్లు అప్పు తెచ్చి సొంత లేబుల్ మీద వెయ్యి కాపీలు వేసుకున్నారు. 1980లో వాషింగ్టన్‌లో మొదలైన డిస్కార్డ్ లేబుల్ వాళ్ళు మొదటి రికార్డు కవర్లను కూర్చుని చేత్తోనే కత్తిరించి అంటించారు. నన్ను అన్నిటికంటే పట్టేసింది మాత్రం లండన్ బ్యాండ్ స్క్రిట్టి పొలిట్టి. 1978లో తమ మొదటి రికార్డు కవరు మీద దానికి ఎంత ఖర్చయిందో లెక్క అచ్చేశారు. అది చూసినప్పుడే మన కవరు మీద కూడా లెక్క ఉండాలని అనుకున్నాను. బ్యాండ్ వాళ్ళకు ఈ సంగతి చెబితే, "ముందు లెక్క తేలనీ అన్నా" అన్నారు.

స్టూడియోలో పెద్ద గొడవ ఎకో దగ్గర వచ్చింది. స్టూడియో అన్న చెయ్యి అలవాటుగా ఆ నాబ్ మీదికి పోతుంది. "గొంతు పచ్చిగా ఉండాది నాయనా, ఇట్ల వదిలేస్తే జనం నన్ను తిడతారు" అంటాడు. పచ్చిగానే కావాలన్నా అంటే వినడు. చివరికి డ్రమ్మర్ వెళ్ళి ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాక గానీ పని జరగలేదు. అయినా ఒక పాట చివర్లో కాస్త ఎకో మిగిలిపోయింది. బాగానే ఉంది, వదిలేశాం.

తర్వాత హక్కుల సంగతి. డిస్కార్డ్ వాళ్ళు బ్యాండ్‌లతో ఒప్పందాలు రాసుకోరు, నోటిమాటే. వినడానికి బాగుంటుంది, ఇక్కడ మాత్రం నేను ఆ దారి పట్టలేదు. మన కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్‌కు కర్త పాడినవాడు కాదు, దాన్ని తీయించిన నిర్మాత. అంటే ఏమీ రాసుకోకపోతే డబ్బు పెట్టి తీయించిన నాకే వాళ్ళ రికార్డింగ్ దక్కే అవకాశం ఎక్కువ. హక్కులు ఇంకొకరికి బదిలీ చేయాలంటే రాతపూర్వకంగానే చేయాలి. ఎంతకాలమో రాయకపోతే 5 ఏళ్ళనీ, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకేననీ చట్టమే లెక్కేసుకుంటుంది. అందుకని రెండు పేజీలు రాసుకున్నాం. మాస్టర్, అంటే అసలు రికార్డింగ్, బ్యాండ్‌దే, నాకు 5 ఏళ్ళు అమ్ముకునే హక్కు, ఖర్చులు పోగా వచ్చింది చెరిసగం. సాహిత్యం, బాణీ రాసినవాళ్ళవే. గిటారిస్టు వాళ్ళ నాన్న కోర్టు దగ్గర డాక్యుమెంట్ రైటర్. ఆయన చదివి, "ఇందులో నీకేం మిగుల్తుంది?" అని నన్నే అడిగాడు.

మధ్యలో అన్నమయ్య పదం ఒకటి పంక్‌లో కొడదామని గిటారిస్టు పట్టుబట్టాడు. పదాలు పదిహేనో శతాబ్దానివి, వాటికి కాపీరైట్ లేదు. మనం వినే బాణీల్లో చాలావాటిని మాత్రం ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కట్టారు. స్వరకర్త పోయాక 60 ఏళ్ళ దాకా ఆ హక్కు ఉంటుంది. సొంత బాణీ కట్టుకుంటే చట్టం ఒప్పుకుంటుంది. మా అమ్మ ఒప్పుకోదు. ఆ ఆలోచన అక్కడితో ఆగింది.

జీఎస్టీ నేను ఊహించని చోట తగిలింది. మా అమ్మకాలకు పరిమితి దాటే ప్రశ్నే లేదు కదా అని ధీమాగా ఉంటే ఆడిటర్ నవ్వాడు. క్యాసెట్ అంటే సరుకు. సరుకు రాష్ట్రం దాటితే టర్నోవర్ పరిమితితో పని లేదు, రిజిస్ట్రేషన్ తీసుకోవాల్సిందే. మనకేమో చెన్నై పక్కనే, కొనేవాళ్ళు ఎక్కువమంది అక్కడే. నేనుండేది కొర్లగుంటలో అద్దె ఇల్లు, కాబట్టి ఓనరు దగ్గర అభ్యంతరం లేదని లెటరూ కరెంటు బిల్లూ కావాలి. ఓనరు సంతకం పెట్టాడు గానీ, ఇంట్లో డ్రమ్ములు వాయించకూడదని ఆ కాగితం మీదే కింద ఒక లైను రాయించుకున్నాడు. ఆ లైనుతోనే అప్‌లోడ్ చేశాను. ఎవరూ అడగలేదు.

ఇక క్యాసెట్లు. వినైల్, అంటే పాత గ్రామఫోన్ పళ్ళేల్లాంటి రికార్డు, మా స్తోమతకు అందదు. కొత్త ఖాళీ క్యాసెట్లు టోకున దొరకడం కష్టం. గాంధీ రోడ్డు వైపు సందులో ఒకప్పుడు భక్తి క్యాసెట్లు అమ్మిన పెద్దాయన దగ్గర మూటలు మిగిలి ఉన్నాయని తెలిసి వెళ్ళాను. ఎందుకని అడిగాడు. చెప్పాను.

"గోవిందనామాలు చెరిపి దాని మింద నీ అరుపులు ఎక్కిస్తావా? నేనియ్యను పో."

కాసేపు బతిమాలాక లోపలికెళ్ళి వేరే అట్టపెట్టె తెచ్చాడు. అన్నీ పాత సినిమా పాటలు. "ఇవి చెరుపుకో, పాపం రాదు" అన్నాడు. ధర మాత్రం తగ్గించలేదు.

రికార్డు చేసి అమ్మిన క్యాసెట్‌కు పైఅంచున రెండు మూలల్లోని చిన్న ప్లాస్టిక్ బిళ్ళలు విరిచేసి ఉంటాయి, ఎవరూ చెరపకుండా. ఆ రంధ్రాల మీద సెల్లోటేపు ముక్క అంటిస్తే డెక్ (క్యాసెట్ రికార్డర్) మళ్ళీ రికార్డు చేస్తుంది. ఇన్నేళ్ళు కదలకుండా ఉన్న టేపు చుట్టలో అతుక్కుపోతుంది కాబట్టి ముందు ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్ చేసి, వెనక్కి చుట్టాలి. టేపును హెడ్‌కు నొక్కిపట్టే చిన్న దూది మెత్త ఒకటి ఉంటుంది. దాని జిగురు ఎండి ఊడిపోయిందంటే ఆ క్యాసెట్ పక్కన పడెయ్యాల్సిందే, శబ్దం గుడ్డలో చుట్టినట్టు వస్తుంది. మొదట్లో కొద్ది సెకన్లు రికార్డు కాని లీడర్ టేపు పోతుంది, అది దాటాకే పాట మొదలవ్వాలి. చెన్నై రిచీ స్ట్రీట్‌లో బెల్టులు మార్పించిన పాత డెక్‌ మీద ఒక్కొక్కటే ఎక్కించాం. మా పాటలు పావుగంటలో అయిపోతాయి, రెండు వైపులా అవే. మిగతా టేపులో ఇంకొకరి పాటలు ఉంటే అవి అమ్మే హక్కు మనకు లేదు. అందుకని ఏమీ వాయించకుండా చివరిదాకా రికార్డు నొక్కి ఉంచాం. హెడ్ అరిగింది కాబోలు, కొన్ని కాపీల్లో ఆ నిశ్శబ్దం వెనకాల వయొలిన్లు సన్నగా వినిపిస్తాయి. అది మేం కావాలని పెట్టిన ఎఫెక్ట్ అనుకుని మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు.

కవర్లు యూనివర్సిటీ దగ్గర జిరాక్స్‌ షాపులో తీశాం. ఒక ఏ4 కాగితంలో క్యాసెట్ డబ్బాలో మడిచి పెట్టే పొడుగు కార్డులు రెండు సరిగ్గా పడతాయి. లోపలి మడతలో లెక్క: స్టూడియో ఇంత, పాత క్యాసెట్లు ఇంత, బెల్టులు, జిరాక్స్, పోస్టేజీ, చివర్లో "టీలు". టీల అంకె చూసి బ్యాండ్ వాళ్ళే సిగ్గుపడ్డారు. తీసెయ్యమన్నారు, నేను తియ్యలేదు.

ఆన్‌లైన్ సంగతి క్లుప్తంగా చెప్తాను, అందులో టెన్షన్ తప్ప పెద్ద విశేషం లేదు. పాటలను స్ట్రీమింగ్ యాప్‌లకు చేర్చే ఒక డిస్ట్రిబ్యూటర్ ద్వారా పెడితే, మా పాటలు అదే పేరున్న ఏదో విదేశీ బ్యాండ్ పేజీలో వెళ్ళి కూర్చున్నాయి. విడదీయించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అమెరికా పన్ను ఫారం డబ్ల్యూ-8బెన్ నింపడం మరిచిపోకండి. అది లేకపోతే అక్కడి రాయల్టీలో 30 శాతం పట్టుకుంటారు, ఉంటే మన ఒప్పందం ప్రకారం 15. స్పాటిఫైలో 2024 నుంచి ఒక పాటకు ఏడాదిలో వెయ్యి స్ట్రీములు దాటితే గానీ పైసా రాదు. మా ఆరింటిలో అది దాటింది ట్యాంకర్ పాట ఒక్కటే. బ్యాండ్‌లు నేరుగా పాటలూ క్యాసెట్లూ అమ్ముకునే వెబ్‌సైట్ బ్యాండ్‌క్యాంప్ నయం. డిజిటల్ మీద 15 శాతం, క్యాసెట్ల మీద 10 శాతం, పైన పేమెంట్ ఫీజు తీసుకుని మిగతాది పేపాల్‌కు పంపుతారు.

మొదటి పంపకం లాడ్జి రిసెప్షన్ బల్ల మీదే జరిగింది, పాడేవాడికి డ్యూటీ ఉంది కాబట్టి. క్యాసెట్లు అయిపోయాయి, ఖర్చులు తిరిగొచ్చాయి, పైన కొంచెం మిగిలింది. అందులో సగాన్ని నలుగురికి పంచితే ఒక్కొక్కరికి వచ్చింది రెండు బిర్యానీలకు సరిపోతుంది. డ్రమ్మర్ డబ్బు తీసుకోకుండా ముందు కార్డు విప్పి, జిరాక్స్ లైను మీద వేలు పెట్టాడు. అతను ఊళ్ళో అడిగి తెలుసుకున్న రేటు కంటే మాది ఎక్కువట. నిజమే. రెండో క్యాసెట్‌కు జిరాక్స్ పని అతనికే అప్పజెప్పాను. చిత్తూరు బ్యాండ్ ఒకటి పాటలతో రెడీగా ఉంది. పెద్దాయన అట్టపెట్టెలో ఇంకా సగం క్యాసెట్లు మిగిలే ఉన్నాయి, ఆయన ధర పెంచాడు.