బారువలో చేపల్లేని జూన్

సోంపేట స్టేషన్ ఉండేది కంచిలిలో. అక్కణ్ణుంచి శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డునున్న బారువకు ఆటో అతను చెప్పిన రేటు వింటేనే చెమట పట్టింది. రైల్లో నిద్ర లేదు, బేరమాడే ఓపిక అసలే లేదు, ఎక్కేశాం. దారంతా కొబ్బరి తోటలు. పాత చెట్ల మధ్య పొట్టి చెట్లు చూపించి, 2018లో తిత్లీ తుపానుకి తోటలు పడిపోయాక వేసినవని చెప్పాడు. తనవీ కొన్ని పోయాయట. రేటు మీద కోపం కాస్త తగ్గింది.

గది బుక్ చేసినప్పుడు ఫోన్లో దాని యజమాని "చేపలకేం లోటండీ, సముద్రం పక్కనే!" అన్నాడు. తీరా భోజనానికి కూర్చుంటే పప్పు, వంకాయ. రాత్రికి కోడిగుడ్డు. మర్నాడు మళ్లీ పప్పే. ఒళ్లు మండి ఒడ్డుకి బయల్దేరాను. సముద్రానికి అంత దూరంలో ఉన్న మా హైదరాబాద్ రాంనగర్ మార్కెట్లో ఏ ఆదివారమైనా చేపలు దొరుకుతాయి కదా!

పడవలన్నీ ఇసుక మీదకి లాగేసి ఉన్నాయి. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన్ని అడిగితే నవ్వాడు. "ఏప్రిల్ 15 కాడ్నించి వేట బందు బావూ. జూన్ 14 దాటాల." చేపలు గుడ్లు పెట్టే కాలమని ఇంజిన్ పడవల్ని ఆపేస్తారు. పక్కనే ఫోన్ చూసుకుంటున్న కొడుకు మాత్రం వేటకి వెళ్లేది ఇక్కడ కాదు, గుజరాత్‌లోని వెరావల్‌లో. జూన్, జూలైల్లో అక్కడా వేట ఉండదు కాబట్టి ఇంటికొచ్చాడు. ఇంటి ముందు ఇంత సముద్రం పెట్టుకుని అంత దూరం ఎందుకయ్యా అంటే, "ఇక్కడ పెద్ద బోట్లు ఆగడానికి చోటేదండీ?" అన్నాడు. నా పప్పు గోల ఇక ఎత్తలేదు.

పెద్దాయన భార్య ఎండు నెత్తళ్లు మామిడికాయతో వండి పెట్టింది. అన్నం రెండుసార్లు కలుపుకున్నాను. ఓ కేజీ కట్టించుకున్నాను కూడా. రేటు రాంనగర్ కన్నా తక్కువేం కాదు!

లైట్‌హౌస్, మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే చోటు ఒకే సాయంత్రం చూసేశాం. మిగతాదంతా నిద్రే, వచ్చింది అందుకే.

తిరుగు రైల్లో సంచి వాసనకి ఎదుటి బెర్తు ఆయన దుప్పటి ముక్కు దాకా లాక్కున్నాడు. విజయనగరం దాటాక మెల్లగా దుప్పటి దించి, "కేజీ ఎంత పడిందండీ?" అని అడిగాడు.