అభ్యర్థి వెళ్లిపోయాక జరిగేది

ఇంటర్వ్యూ అయిపోయాక అభ్యర్థులు రాత్రంతా దాన్నే తలుచుకుంటూ ఉంటారు. ఆ జవాబు ఇంకాస్త బాగా చెప్పి ఉండాల్సింది, అక్కడ తడబడకుండా ఉండాల్సింది అని. రిక్రూటర్‌గా నేను చూస్తున్నదేంటంటే, చాలామంది భవిష్యత్తు తేలేది వాళ్లు వెళ్లిపోయాక మేమంతా కూర్చుని అభిప్రాయాలు చెప్పుకునే డీబ్రీఫ్‌లో.

అక్కడ ముందు ఎవరు నోరు విప్పుతారన్నది చాలా పెద్ద విషయం. హైరింగ్ మేనేజర్ "నాకైతే బాగా నచ్చాడండీ" అన్నారనుకోండి. పక్కనున్న జూనియర్ తన కాగితం మీద "డేటాబేస్ ప్రశ్నకి సగమే చెప్పాడు" అని రాసుకున్నా, ఆ మాట బయటికి రాదు. "పర్లేదు, నేర్చుకుంటాడు లెండి" అంటాడు. అందులో కుట్రేమీ లేదు, పెద్దవాళ్ల మాటకి అడ్డు చెప్పలేని మొహమాటం. కానీ దానికి మూల్యం చెల్లించేది బయట ఎదురుచూస్తున్న మరో అభ్యర్థి.

అందుకే నేనున్న ప్యానెల్లో ఒక్కదానికి మాత్రం గట్టిగా పట్టుబడతాను. ఎవరి స్కోర్లు వాళ్లు, కారణంతో సహా, ఫారంలో పెట్టేదాకా చర్చ మొదలవ్వదు. "కమ్యూనికేషన్ బాగుంది" అని రాస్తే ఫారం వెనక్కి పంపిస్తాను. ఏం అడిగారు, అభ్యర్థి ఏం చెప్పారు, అది రాయండి అంటాను. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీండి.

ఈ విసుగు ఇప్పటిది కాదు. 1955లో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానమన్ ఇజ్రాయెల్ సైన్యంలో చేరేవాళ్ల ఇంటర్వ్యూ పద్ధతిని మార్చారు. అప్పటికి ఆయనకి ఇరవై ఒకటో ఇరవై రెండో ఏళ్లు. ఆరు లక్షణాలు తీసుకుని, ఒక్కోదాని గురించి విడిగా అడిగి, మార్కు వేశాకే రెండోదానికి వెళ్లమన్నారు. మమ్మల్ని మరబొమ్మల్ని చేస్తున్నారని ఇంటర్వ్యూ చేసేవాళ్లకి కోపం వచ్చింది. సరే, ఆరు మార్కులూ వేశాక కళ్లు మూసుకుని, ఈ కుర్రాడు ఎలాంటి సైనికుడవుతాడో ఊహించి ఇంకో మార్కు వేయండి అన్నారాయన. తీరా చూస్తే ఆ చివరి మార్కు కూడా బాగానే పనిచేసింది! నాకు ఇందులో నచ్చేది ఆ వరస. మనసుకి అనిపించేదానికీ చోటుంది, కాకపోతే అన్నీ విడివిడిగా చూశాక.

ఒకటి చూసి మిగతావన్నీ ఊహించేసుకోవడం మనుషుల్లో ఎంత లోతుగా ఉందో 1920లోనే ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రాశారు. సైన్యంలో అధికారులు తమ కిందివాళ్లకి వేసిన మార్కుల్లో శరీర దారుఢ్యం, తెలివి, నాయకత్వం, నడవడిక అన్నీ నమ్మశక్యం కానంతగా కలిసి నడిచాయి. మా గదుల్లో ఆ పని ఎక్కువగా చేసేది ధారాళమైన ఇంగ్లిష్. అది వినపడగానే ఎక్సెల్ నైపుణ్యానికీ ఒక మార్కు పెరుగుతుంది.

2022లో పాల్ శాకెట్ అనే పరిశోధకుడి బృందం పాత పరిశోధనలన్నిటినీ మళ్లీ లెక్కగట్టింది. అందరికీ ఒకే ప్రశ్నలు, ఒకే కొలబద్దతో చేసే ఇంటర్వ్యూకీ, తర్వాత ఉద్యోగంలో పనితీరుకీ ఉన్న సంబంధం 0.42 అని తేలింది. 1 అయితే అచ్చుగుద్దినట్టు సరిపోయినట్టు, 0 అయితే ఏ సంబంధమూ లేనట్టు. నోటికొచ్చింది అడిగే ఇంటర్వ్యూకి 0.19. పనిచేసిన ఏళ్ల లెక్కకైతే 0.07! అయినా "కనీసం అయిదేళ్ల అనుభవం" అన్న గీత దగ్గరే ఎన్ని రెజ్యూమెలు ఆగిపోతున్నాయో. పిల్లల కోసం ఉద్యోగం మానేసి, తిరిగి రావాలనుకునే ఆడవాళ్లవి వాటిలో ఎక్కువ. ఆ గీత తీసేయమని ప్రతి జేడీ (ఉద్యోగ వివరాల ప్రకటన) దగ్గరా వాదిస్తాను. ఒక్కోసారి తీస్తారు.

"కల్చర్ ఫిట్", అంటే మన కంపెనీ వాతావరణంలో ఇముడుతారా లేదా అనే మాట వచ్చినప్పుడు కూడా అంతే. ఏ ప్రశ్నకి ఏ జవాబు చూసి అంటున్నారని అడుగుతాను. జవాబు చూపించలేకపోతే ఆ అభిప్రాయాన్ని లెక్కలోకి తీసుకోవద్దని చెప్తాను.

ఫారంలో కారణాలుండటం వల్ల ఇంకో మేలుంది. ఎంపిక కానివాళ్లు ఎందుకని అడిగితే నా దగ్గర నిజమైన జవాబు ఉంటుంది. ఈమధ్య ఒకమ్మాయి ఫోన్ చేసింది. "కస్టమర్ ఫిర్యాదు ప్రశ్నకి మీ టీమ్ ఏం చేసిందో చెప్పారమ్మా, మీరేం చేశారో చెప్పలేదు" అన్నాను. కాసేపు ఆగి, తను చేసింది మొత్తం అప్పుడు చెప్పింది. చాలా మంచి పని. ఈసారి ప్యానెల్‌కి ఇచ్చే ప్రశ్నల కాగితంలో "అందులో మీ వంతు ఏమిటి?" అన్నది కూడా చేర్చాను.