అమ్మ సంతకానికి సాక్షులు

మా అమ్మ పోయి నాలుగు నెలలైంది. ఆమె పేరిట బ్యాంకులో మిగిలిన డిపాజిట్టుకూ, ఎకరం మెట్ట భూమికీ కావలసిన కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం నిన్న సాయంత్రం నా చేతికి వచ్చింది. తిరిగిన తిరుగుడు మరచిపోకముందే రాసిపెడుతున్నాను.

మరణ ధ్రువపత్రంతో ఇబ్బంది కలగలేదు. 21 రోజుల్లోగా తెలిపితే రుసుము ఉండదు కనుక, పెద్దకర్మ కాకముందే గ్రామ సచివాలయంలో వివరాలిచ్చాను, వారంలో పత్రం ఇచ్చారు.

చిక్కంతా తహసీల్దారు కార్యాలయంలో వచ్చింది. ఆధార్‌లోనూ, మరణ పత్రంలోనూ అమ్మకు మెట్టినింటి ఇంటిపేరు ఉండగా, బ్యాంకు పాసుపుస్తకంలో పుట్టినింటి ఇంటిపేరు ఉంది. అక్కడి గుమాస్తా రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టి, నా వెనుక నిలబడిన వారందరికీ వినబడేలా, "వీళ్లిద్దరూ ఒకరేనని రుజువేమిటి? అసలు ఈమె మీ అమ్మేనని ఎవరు చెప్పాలి?" అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు. తర్వాత పాసుపుస్తకంలోని సంతకం మీద వేలుపెట్టి, "కోడి గెలికినట్టుంది, దీన్ని దేనితో పోల్చమంటారు?" అన్నాడు. తల్లిని పోగొట్టుకొని వచ్చిన మనిషితో మాట్లాడవలసిన తీరు అది కాదని ఇప్పటికీ అంటాను.

ఆ అక్షరాలు 1990ల తొలినాళ్లలో మా నెల్లూరు జిల్లా పల్లెల్లో నడిచిన రాత్రిబడిలో, ముప్పై దాటిన వయసులో, లాంతరు వెలుగులో అమ్మ దిద్దుకున్నవి. పలక మీద ఆమె మొదట నేర్చుకున్నది పుట్టినింటి ఇంటిపేరుతో ఉన్న తన పేరు కనుక, చివరిదాకా అలాగే సంతకం చేసింది. ముందు అక్షరాలన్నీ రాసి, మళ్లీ మొదటికి వచ్చి ఒక్కొక్క తలకట్టూ పెట్టేది. ఆ బడుల్లో సారా మీద పాఠాలు చదివిన ఆడవాళ్లే 1992లో దూబగుంట మొదలుకొని ఊరూరా దుకాణాలు మూయించారు. మా ఊళ్లో ముందు వరుసలో అమ్మ ఉంది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం అమలయ్యాక, రోజుకొక రూపాయి దాచుకునే పొదుపు సంఘాన్ని ఆమె పదకొండేళ్లు నడిపింది, ఒక్క రూపాయి లెక్క తేడా రానివ్వలేదు. ఆమె కడుపున పుట్టినందుకు గర్వపడుతున్నానని చెప్పుకోవడానికి నాకు సంకోచం లేదు.

కార్యాలయం ఎదుట వేపచెట్టు కింద కూర్చునే మధ్యవర్తి మూడు వేలిస్తే రెండు రోజుల్లో పని ముగిస్తానన్నాడు. అమ్మ పేరు మీద లంచం ఇవ్వడం నాకు ఇష్టం లేకపోయింది, మీరూ అటువంటి వారి దగ్గరికి పోవద్దు. రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ రాయించి మళ్లీ దరఖాస్తు ఇచ్చాను. మీ ఇంట్లో పెద్దవాళ్లు బతికి ఉండగానే వారి పాసుపుస్తకం, ఆధార్, పట్టా ఒకచోట పెట్టి ఇంటిపేర్లు సరిచూడండి, నామినీ పేరు ఉందో లేదో అడగండి.

విచారణకు గ్రామ రెవెన్యూ అధికారి వచ్చిన ఉదయం, ఇద్దరు సాక్షులు చాలునని ఆయన కబురు పెడితే, పొదుపు సంఘం ఆడవాళ్లు తొమ్మిది మంది మా వసారాలోకి వచ్చి కూర్చున్నారు. పంచనామా కాగితంలో పట్టనన్ని సంగతులు చెప్పారు. ఒకామె తన కూతురి కాన్పుకు అర్ధరాత్రి బండి కట్టించింది అమ్మేనంది. మరొకామె, పెంచలకోన తిరునాళ్లకు తమను ఏటా నడిపించుకొని పోయింది ఆమేనంది. ఆయన కలం ఆపి విన్నాడు, ఆయనకు నేను రుణపడి ఉన్నాను. తొమ్మిది మందీ సంతకాలు చేశారు. వారిలో నలుగురు అక్షరాలు ముగించాక వెనక్కి వచ్చి తలకట్లు పెట్టారు.

లేచేటప్పుడు పెద్దామె నన్ను పక్కకు పిలిచి, "అబ్బయా, మీ అమ్మ పోయినేడు స్వర్ణాల చెరువులో మీ చెల్లెలి కోసం సంతానం రొట్టె పట్టింది, ఆ రొట్టె తిరిగి ఇయ్యాల" అని గుర్తుచేసింది. కోరిక కోరుకొని ఒకరి చేతి నుంచి రొట్టె పట్టినవారు, అది తీరాక మరొకరికి రొట్టె ఇవ్వడం నెల్లూరు రొట్టెల పండుగలో ఆనవాయితీ. మా చెల్లెలికి మూడో నెల బిడ్డ. మొహర్రం నెలలో రొట్టెల పండుగకు బారా షహీద్ దర్గాకు వెళ్లి, అమ్మ పట్టిన రొట్టెను ఆ నీళ్లలో నిలబడి మరొక తల్లికి అందించడానికి ఇద్దరం సిద్ధమవుతున్నాం.