గండికోట బండ మీద అలల జాడ

తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు మధ్యలో ఆపరు. ఆ మలుపుల్లో అదే క్షేమం, కాదనను. అయినా కిటికీ పక్కన కూర్చున్న ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది. దేశంలో తప్పక చూడాల్సిన రాతి అతుకొకటి ఆ దారి పక్కనే ఉంది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దాన్ని వారసత్వ స్థలంగా గుర్తించింది కూడా. కింద గ్రానైట్, దాన్ని ఆనుకుని పైన నగరి క్వార్ట్‌జైట్ అనే గట్టిపడిన ఇసుకరాయి. చూపుకు మధ్యలో సందే లేదు, కాలంలో మాత్రం దాదాపు 80 కోట్ల ఏళ్ల ఎడం. అన్నేళ్లలో ఇక్కడ ఏ రాయీ చేరలేదు, చేరింది ఏదైనా ఉంటే కొట్టుకుపోయింది. స్కాట్లండ్‌లోని సిక్కార్ పాయింట్ దగ్గర ఇలాంటి అతుకునే 1788లో భూగర్భ శాస్త్రవేత్త జేమ్స్ హటన్ చూశాడు. భూమి చాలా పాతదన్న తన వాదనకు అక్కడ కళ్లెదుట సాక్ష్యం దొరికింది. మనకు దొరికేది బస్సు మలుపు తిరిగేలోగా కొన్ని క్షణాలే.

కొండ దిగాక కడప, మైదుకూరు, ప్రొద్దుటూరు మీదుగా జమ్మలమడుగు చేరాను. అక్కణ్ణించి గండికోటకు ఆటో రానుపోనూ 800 అన్నాడు. పదిహేను కిలోమీటర్ల దారికి అది చాలా ఎక్కువ. బేరమాడితే నూరు తగ్గించాడు, అంతే. కోట, మాధవరాయ ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం గురించి ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి నేను నేరుగా లోయ అంచుకు వస్తాను.

ఎర్రమల కొండలను పెన్నా నిలువునా కోసుకుంటూ పోయిన చోటది. అంచున నిలబడి ఒకాయన తనతో వచ్చినవాళ్లకు చెబుతున్నాడు: "ఇదంతా ఎర్ర గ్రానైట్, నిప్పులోంచి పుట్టిన రాయి." నాకు ఉండబట్టలేదు. గ్రానైట్ భూమి లోతుల్లో కరిగిన శిలాద్రవం చాలా మెల్లగా చల్లారితే ఏర్పడుతుంది. మెల్లగా చల్లారడం వల్లే దానిలోని స్ఫటికాలు కంటికి కనిపించేంత పెరుగుతాయి. తెల్లగానో గులాబీ రంగులోనో ఫెల్‌స్పార్, గాజులా పలుగురాయి (క్వార్ట్జ్), మధ్యలో తళుక్కుమనే అభ్రకం. మరో రకం శిలాద్రవం పైకి ఉబికివచ్చి త్వరగా చల్లారితే స్ఫటికాలు పెరిగే వ్యవధి ఉండదు, బసాల్ట్ లాంటి సన్నని రేణువుల నల్లరాయి అవుతుంది. రెండూ అగ్నిశిలలే. ఈ లోయ గోడల్లో అలాంటిదేమీ లేదు, ఇదీ క్వార్ట్‌జైటే. ఎదుటి గోడ చూడండి, మడత మీద మడతగా అడ్డ పొరలు. వాటిని నిలువు పగుళ్లు కోయడం వల్ల బండలన్నీ ఎవరో తెచ్చి పేర్చినట్టు ఉంటాయి.

అంచుకు కొంచెం ఇవతల, పడమటి ఎండ ఏటవాలుగా పడుతున్న ఒక బండ మీద వరుసగా సన్నని గట్లు కనిపించాయి. కూర్చుని వేలితో తడిమాను. గట్టుకు రెండు వైపులా వాలు ఒకేలా ఉంది. నీరు ఒకే దిక్కుకు పారి ఉంటే ఒక వైపు వాలు నిటారుగా, రెండో వైపు జారుడుగా ఉంటుంది. ఇలా రెండు వైపులా సమంగా ఉందంటే, లోతులేని నీళ్లలో అలలు ముందుకూ వెనక్కూ ఊగిన చోటన్నమాట. మనిషి కాదు కదా, చెట్టు కూడా పుట్టని కాలంలో ఒక తీరం మీద అల గీసిన గీత నా వేలి కింద ఉంది. ఆటో అతను హారన్ కొడుతున్నా నాకు లేవబుద్ధి కాలేదు.

బడిలో మనం చదువుకున్న పట్టికలో క్వార్ట్‌జైట్ రూపాంతర శిలల వరుసలో ఉంటుంది. ఇసుకరాయి వేడికీ ఒత్తిడికీ మారితే క్వార్ట్‌జైట్ అని. అదీ నిజమే. కానీ ఈ కడప ప్రాంతపు రాయి దారి వేరు. ఇసుక రేణువుల మధ్య సందుల్లోకి నీటితో పాటు సిలికా, అంటే పలుగు పదార్థమే, చేరి పేరుకుపోయింది. పలుగు రేణువులను పలుగే పట్టి బిగించింది. మామూలు ఇసుకరాయి విరిగితే రేణువుల చుట్టూ విరుగుతుంది, రుద్దితే చేతికి ఇసుక అంటుతుంది. ఇది రేణువుల గుండానే పగిలి అంచు కత్తిలా తేలుతుంది. గట్టిదనం చూస్తే రూపాంతర శిలకు తీసిపోదు, పుట్టుక మాత్రం అవక్షేపమే. అంత వేడిలో రేణువులన్నీ మళ్లీ స్ఫటికాలు కట్టి ఉంటే ఈ అలల గట్లు ఇంత చక్కగా మిగిలేవా? రాయిని వర్గంలో పెట్టేటప్పుడు నేను రంగు చూడను, గట్టిదనం చూడను. దాని మీద ఏం జరిగిందో చూస్తాను.

మాది విశాఖ. కైలాసగిరి మీద రాయి ఖోండలైట్. అదీ ఒకప్పుడు నీటి అడుగున చేరిన బురదే. తర్వాత భూమి లోతులకు పోయి విపరీతమైన వేడికి ఉడికింది. పాత పొరల జాడ దాదాపు చెరిగిపోయి, బురదలోని పదార్థమే ఎర్రని గార్నెట్లుగా కొత్త రూపం కట్టింది. రూపాంతరం అంటే నాకు అదీ.

మర్నాడు తాడిపత్రి నుంచి బేలం వైపు బస్సులో పక్క సీటు పెద్దాయన నాపరాళ్ల క్వారీలో పని చేసి మానేశారట. దారి పొడవునా పేర్చిన బండలు చూపిస్తూ అడిగాను, ఇంత పలచగా ఎలా తీస్తారని.

"రాయికి పొర ఉంటాదమ్మా. పొర కనిపెట్టి ఉలి పెడితే అదే ఊడొస్తాది. పొర తప్పితే ముక్కలైపోతాది, ఆ పొద్దు కూలి గోవిందా."

"ఇది సున్నపురాయే కదా పెద్దాయనా?"

"నిమ్మకాయ పిండి చూడు, మచ్చ పడతాది. గ్రానైట్ మీద పడదు."

ఇంత సూటిగా చెప్పిన మాట నేను పాఠ్యపుస్తకంలో చదవలేదు. సున్నపురాయిలోని కాల్షియం కార్బొనేట్‌ను ఆమ్లం తినేస్తుంది, గచ్చు మీద మచ్చ అదే. బేలం గుహలు కూడా అలాగే పుట్టాయి. వాన నీరు గాలిలోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని పలచని ఆమ్లమై, పగుళ్లలోకి దిగి, రాయిని కొద్దికొద్దిగా కరిగించుకుంటూ పోయింది. అలా 3,229 మీటర్ల సొరంగం. కరిగిన సున్నమే పైకప్పు నుంచి చుక్కచుక్కగా కారుతూ మళ్లీ గడ్డకట్టింది, కోటిలింగాల దగ్గర వేలాడేవి అవే. లోపల ఉక్క భరించలేం. రంగు దీపాలు మాత్రం నాకు నచ్చలేదు, రాయి అసలు రంగును దాచేస్తున్నాయి.

మా బొర్రా గుహలనూ నీరు ఇలాగే తొలిచింది, పదార్థమూ అదే. కానీ అక్కడి రాయి ముందే ఉడికి పాలరాయిగా మారింది. తెల్లగా, పంచదార పలుకుల్లా స్ఫటికాలు, వంకర్లు తిరిగిన పట్టీలు. బేలంలో మడత పడని పొరలు గోడ పొడవునా సమంగా సాగుతాయి. వెళ్లేవాళ్లు ఒక టార్చి తీసుకెళ్లి, రంగు దీపాలు లేని మూల వెతుక్కుని గోడ మీద ఏటవాలుగా వెలుగు వేసి చూడండి. తిరుగు బస్సు సంగతి ముందే కనుక్కోండి, నేను తాడిపత్రి బస్సు కోసం రోడ్డు మీద గంటన్నర నిలబడ్డాను.